పెద్దక్క పన్నెండు సీసాలు

లోకంలో ఉన్న గింజలన్నిటినీ పెద్దక్క రెండే రకాలుగా విడదీసింది. నానినవి, నాననివి. నానినవి మనుషులు తినేవి. నాననివి మనుషులు ఇంకా తినకూడనివి. మధ్యలో మూడో రకం లేదు.

గోడౌన్‌లో ఎవడైనా ఒక్క బాదంపప్పు పెదవి దాకా తెచ్చాడంటే చాలు, అవతలి చివర జల్లెడ పడుతున్న మనిషి తల ఎత్తకుండానే అడిగేది.

"నానిందా?"

"ఒక్కటే పెద్దక్కా."

"ఒక్కటైనా పోయేది కడుపులోకే కదా, చెవిలోకి కాదుగా. దింపు."

దింపాల్సిందే. ఆమెకు వెనక కూడా కళ్ళున్నాయని కొందరు, కళ్ళు కాదు చెవులని కొందరు వాదించుకునేవాళ్ళు. నాననిది తినబోయేవాడి గుటక చప్పుడు వేరేగా ఉంటుందట.

ఆ అలవాటు గింజల దగ్గర ఆగినా బాగుండేది. కొత్త తాడు వస్తే తొట్టిలో పడేసేది, "నాననీ, చేతులు కొయ్యదు" అని. కొత్త చీపురు వస్తే అదీ తొట్టిలోకే. పోనీ, తాడూ చీపురూ నీళ్ళలో మునిగేవే. మునగనివి కూడా నానబెట్టేది. గింజలు ఏరే బల్ల దగ్గర పనిచేసే అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. పిల్లాడు బాగున్నాడా లేదా అని అందరూ తలా ఒక మాట అంటుంటే పెద్దక్క జల్లెడ ఆపింది.

"ఇవాళేం చెప్పకు. రాత్రంతా నాననీ. పొద్దున్నకి తోలు దానంతటదే ఊడుతుంది. లోపల తెల్లగా ఉందో, పుచ్చిపోయిందో తెలుస్తుంది."

సూపర్‌వైజర్ ఒకరోజు బస్తా తగ్గిందని కాగితం పట్టుకుని నిప్పులు తొక్కినట్టు వచ్చాడు. పెద్దక్క ఆ కాగితం ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని ఒక సీసా కింద పెట్టింది. "నాననివ్వండి సార్. రేపు పదింటికి మాట్లాడుకుందాం." పొద్దున ఎనిమిదింటికే ఆ బస్తా పక్క లారీలో దొరికింది. ఆ తర్వాత సూపర్‌వైజర్ ఆమెతో వాదన పెట్టుకోవడం తగ్గించుకున్నాడు.

ఏరే బల్ల దగ్గరి ఆడవాళ్ళు చాటుగా ఆమెను నానమ్మ అనేవాళ్ళు. అప్పటికి ఆమెకు యాభై కూడా లేవు.

ఇదంతా చూసి అందరికన్నా ఎక్కువ మండిపడేవాడు అడకత్తెర. అంటే బయటికి మండిపడేవాడు. లోపలి సంగతి వేరు. ఆ లోపలి సంగతి కోసమే ఈ కథంతా.

అడకత్తెర హమాలీ ముఠాకి మేస్త్రీ. అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. పాతికేళ్ళ వయసులో ఒకరోజు లారీ ఆలస్యమైతే, ఊసుపోక ఒక అక్రోటుకాయను పెంకుతో సహా దవడ కింద పెట్టి పటుక్కున పగలగొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. ఆహా అన్నాక మనిషి ఆగుతాడా? రోజుకో కాయ పగలగొట్టాడు. పక్క గోడౌన్ల వాళ్ళు చూడటానికి వచ్చేవాళ్ళు. పాత మేస్త్రీ పని మానేసినప్పుడు, తర్వాత ఎవరన్న మాట వస్తే ముఠా అంతా ఒక్క గొంతుతో చెప్పింది. "ఇంకెవరు, అడకత్తెరే. వాడి దవడ చూశాక లారీ డ్రైవరైనా నోరెత్తుతాడా?"

పళ్ళతో వచ్చిన పదవి అది. ఆ పళ్ళే పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. అక్రోటు పెంకు పగిలిన ప్రతిసారీ లోపల పన్ను కూడా ఇంత పగిలింది. నలభై వచ్చేసరికి కుడివైపు దవడ పళ్ళు పోయాయి. అవి లేవని ఎడమవైపు నమలడం మొదలుపెడితే అవీ పట్టు తప్పాయి. తనను ఎవరూ ఎరగని వీధికి, మూడు బస్సులు మారి వెళ్ళి పీకించుకుని వచ్చాడు. మేస్త్రీకి ఆటలేంటని చెప్పి కాయలు పగలగొట్టడం మానేశాడు. ముందు పళ్ళు మాత్రం వరసగా నిలబడి ఉన్నాయి. వెనకంతా ఖాళీ అయిన కొట్టుకి ముందు తలుపులు మాత్రం కొత్తగా రంగు వేసినట్టు.

ఈ సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ఇంట్లో అన్నీ మెత్తగా చేసి పెట్టేది. "చెప్పెయ్యరాదూ. పళ్ళు పోతే పరువు పోతుందా?" అనేది అప్పుడప్పుడు.

"నా పరువు పళ్ళలోనే ఉందే," అనేవాడు ఆయన.

ఊరికే అన్న మాట కాదు. ముఠాలో మోకాలు పట్టేసిన పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఒకరోజు మెట్టు దగ్గర ఆగి మోకాలు రుద్దుకున్నాడు. అంతే. ఆ వారం ఆయనను గోనె సంచులు కుట్టడానికి కూర్చోబెట్టారు. ఆ నెల తిరక్కుండా ఇంటికి పంపించారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, "పెద్దాయన, పాపం" అన్నారు. ఆ "పాపం" అన్న మాటకి అడకత్తెరకి బస్తా కన్నా భయం. పళ్ళూడిన మేస్త్రీ అంటే మొదట నవ్వుతారు, తర్వాత పాపం అంటారు, ఆ తర్వాత సూదీ దారం చేతికిస్తారు.

ఇంటి తిండి సరే, గోడౌన్‌లో ఏం చెయ్యాలి? అక్కడొక పాత రివాజు ఉంది. చిరిగిన బస్తాల్లోంచి నేల మీద ఒలికిన గింజలు పనివాళ్ళవి. బాదం, అక్రోటు పప్పు, జీడిపప్పు, గుమ్మడి గింజలు, ఏది ఒలికితే అది. సాయంత్రం ఊడ్చి, చెరిగి, మర్నాడు పదింటికి టీ వేళ అందరూ బల్ల చుట్టూ కూర్చుని పిడికెడేసి తింటారు. పెద్దక్క ఇంకా నానబెట్టడం మొదలుపెట్టని రోజులు, పచ్చివే. కరకర, పటపట. ఆ చప్పుడులో అడకత్తెర కూడా పిడికెడు నోట్లో వేసుకుని, దవడలు ఊరికే ఆడించి, బుగ్గన పెట్టుకుని, లారీ వెనక్కి వెళ్ళి పిచ్చుకలకి ఉమ్మేసేవాడు. తర్వాత ఆకలి కడుపుతో బస్తా ఎత్తేవాడు. మధ్యాహ్నానికి కాళ్ళు వణికేవి.

అలాంటి రోజుల్లో, ఒక సోమవారం, పెద్దక్క పన్నెండు గాజు సీసాలు సంచిలో గలగలలాడించుకుంటూ వచ్చింది.

"ఇవేంటి పెద్దక్కా?" అన్నాడు ముఠాలో అందరికన్నా సన్నగా ఉండే చీపురుపుల్ల.

"మీ కడుపులు."

సీసాలు కిటికీ పక్క అరలో వరసగా పెట్టింది. ఒక్కోదాని మెడకి గోనె దారంతో చీటీ కట్టింది. బాదం, సాయంత్రం అయిదు. అక్రోటు, పొద్దున ఆరు. జీడిపప్పు, ఎనిమిది, అంతకు ముందు వేస్తే చేతులు విరగ్గొడతా. చీటీలోనే అంత రాసింది. చిటికెడు ఉప్పు వేసి, గింజ మునిగి పైన రెండు వేళ్ళు నిలబడేలా నీళ్ళు పోసింది.

"ఎందుకిదంతా?" అన్నాడు చీపురుపుల్ల.

"మొన్న కడుపు పట్టుకుని గోడకి కొట్టుకున్నావే, అందుకు. పచ్చిగింజ అంటే ఏంటనుకున్నావు? అది నీ కోసం పుట్టలేదు. మొలకెత్తడానికి పుట్టింది. ఎవడూ తినకుండా పైన గట్టి చొక్కా వేసుకుని కూర్చుంటుంది. అది నీ కడుపులోకి పోయినా చొక్కా విప్పదు. నీళ్ళలో వేశామనుకో, ఓహో నా రోజొచ్చింది అనుకుని తనే విప్పేస్తుంది. అప్పుడు ఆ నీళ్ళు పారబోసి, కడిగి, తినాలి. అరిగిందన్న సంగతి కూడా తెలియదు."

"నీకెవరు చెప్పారు?"

"మా అమ్మమ్మ."

మర్నాడు పదింటికి తడి బాదం పప్పులు తోలు ఒలిచి, తెల్లగా, చేతికి ఇంకా చల్లగా తగులుతూ బల్ల మీదికి వచ్చాయి. అడకత్తెర ఒకటి నోట్లో వేసుకున్నాడు. నాలుకతో పైకి నొక్కాడు. విడిపోయింది. ఇంకొకటి. అదీ విడిపోయింది. ఎన్ని నెలలైందో పదింటి టీ కడుపులోకి వెళ్ళి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇది బయటపడితే కొంపమునుగుతుందని వెంటనే బల్ల మీద చెయ్యేసి గట్టిగా చరిచాడు.

"ఏంటి పెద్దక్కా ఇది? మేం హమాలీలమా, పసిపిల్లలమా? కరకర లేకపోతే అది తిండా? రేపట్నుంచి మాకు జోల కూడా పాడతావా?"

ముఠా గొల్లుమంది. పెద్దక్క తొణకలేదు. "తిని మాట్లాడు తమ్ముడూ."

"తినక చస్తానా, నువ్వేమో ఇంకోటి పెట్టవు." అంటూ ఇంకో పిడికెడు తీసుకున్నాడు.

అలా మొదలైంది. రోజూ పదింటికి అడకత్తెర తిట్టేవాడు, తిట్టి అందరికన్నా ఎక్కువ తినేవాడు. తిట్టకపోతే అనుమానం వస్తుందని ఆయన లెక్క. తిట్లు అయిపోతే రాత్రి ఇంట్లో కూర్చుని కొత్తవి ఆలోచించేవాడు. "ఈ గుమ్మడి గింజ చూస్తే స్నానం చేయించి పౌడర్ రాసినట్టుంది." "ఈ అక్రోటు నమిలితే నమిలినట్టు లేదు, ఎవరో ముందే నమిలి ఇచ్చినట్టుంది." చీపురుపుల్ల ఆ తిట్ల కోసమే టీకి ముందు వచ్చి కూర్చునేవాడు. అడకత్తెర మాత్రం తన అదృష్టానికి తనే మురిసిపోయేవాడు. ఈ పిచ్చి మనిషి పిచ్చి, దారిన పోయే గాలిలా వచ్చి సరిగ్గా తన ఇంటి కిటికీలోనే దూరిందని.

నిజం చెప్పాలంటే అందరి కడుపులూ బాగుపడ్డాయి. చీపురుపుల్ల గోడకి కొట్టుకోవడం మానేశాడు. కానీ ఆ మాట ఒప్పుకున్నవాడు లేడు.

రెండు సంగతులు మాత్రం ఎవరికీ అర్థం కాలేదు. ఒకటి, పెద్దక్క ఎప్పుడూ వాళ్ళతో కూర్చుని తినేది కాదు. "ఇంట్లో తిని వచ్చాను" అనేది. రెండోది, టీ వేళ ఆమె లెక్కల గదిలోకి వెళ్ళినప్పుడల్లా లోపల్నించి కటకటమని సన్నగా చప్పుడు వచ్చేది. సూపర్‌వైజర్ ఎలుక అన్నాడు. బోను పెట్టించాడు. ఏళ్ళ తరబడి బోను పెట్టించాడు. ఎలుక ఒక్కసారి కూడా పడలేదు.

ఇంకోసారి ఏరే బల్ల దగ్గరి అమ్మాయి అంది. "మా పిన్ని నానబెట్టి ఊరుకోదు పెద్దక్కా. మళ్ళీ ఎండలో పరిచి, సన్న సెగ మీద ఆరబెడుతుంది. భలే కరకరలాడతాయి. అరుగుదలకి అరుగుదల, రుచికి రుచి."

మళ్ళీ కరకరలా అనుకుని అడకత్తెర చేతిలోని గింజ కింద పెట్టేశాడు. పెద్దక్క చూపు తిప్పకుండా చెప్పింది. "మీ పిన్నికి పనీ పాటా లేదు." ఆ మాట అక్కడితో అయిపోయింది.

అన్ని కాలాలూ ఒకేలా ఉండవు. నాలుగో ఏడు ఒకసారి దూరం నుంచి ఒక బేరగాడు వస్తున్నాడని సూపర్‌వైజర్ మేలురకం బాదం ఒక గిన్నెలో పోసి, నమూనాగా తన బల్ల మీద పెట్టుకుని ఇంటికి పోయాడు. సాయంత్రం అయిదింటికి పెద్దక్క అటుగా వెళ్ళింది. గిన్నెలో గింజలు. పొడిగా. చెయ్యి ఊరుకుంటుందా? ఉప్పు వేసింది, నీళ్ళు పోసింది, చీటీ కూడా కట్టింది. పొద్దున ఎవరూ రాకముందే నీళ్ళు పారబోసి, శుభ్రంగా తోలు ఒలిచి పెట్టింది.

బేరగాడు గిన్నెలోకి చూశాడు. సూపర్‌వైజర్‌ని చూశాడు. "బాదం చూపిస్తానన్నారు. ఇవేంటి, పళ్ళా?" అన్నాడు. బేరం అయితే కుదిరింది, వేరే నమూనా చూశాక. కానీ సూపర్‌వైజర్ ముఖం మళ్ళీ మామూలు రంగుకి రావడానికి సాయంత్రమైంది. వచ్చాక బయటికి వచ్చి చెప్పాడు.

"సీసాలు తీసెయ్యండి. ఈ గోడౌన్‌లో ఇకమీదట ఏదీ నానడానికి వీల్లేదు."

"నాననివ్వండి సార్, రేపు మాట్లాడదాం," అంది పెద్దక్క.

"అది కూడా నానడానికి వీల్లేదు."

పన్నెండు సీసాలూ సంచిలోకి వెళ్ళిపోయాయి. ముఠా అంతా అడకత్తెర భుజం తట్టింది. "గెలిచావన్నా. నాలుగేళ్ళు పోరాడి గెలిచావు." ఆయన నవ్వాడు. ఎప్పటిలాగే, వెనక ఖాళీ కనపడకుండా మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

మర్నాడు పదింటికి పెద్దక్క లెక్కల గదిలోకి వెళ్ళగానే బల్ల చుట్టూ కరకర, పటపట. అడకత్తెర పిడికెడు నోట్లో వేసుకున్నాడు. పిచ్చుకల దగ్గరికి పోదామంటే ముఠా వదల్లేదు, ఇవాళ ఆయనది విజయోత్సవం కదా. ఒక్కొక్కటే గులకరాళ్ళు మింగినట్టు మింగాడు. సాయంత్రానికి కడుపు డోలులా అయింది.

ఇంట్లో భార్య వేడినీళ్ళ గుడ్డ కాపుతూ అడిగింది. "ఎన్ని మింగావు?"

"ఇరవై రెండు."

"రేపు?"

ఆయన గుడ్డ తీసుకుని మళ్ళీ వేడినీళ్ళలో ముంచాడు.

రేపు ఇంకా ఘోరమైంది. చీపురుపుల్ల ఎక్కడినుంచో పెంకుతో ఉన్న అక్రోటుకాయ తెచ్చి బల్ల మధ్యలో పెట్టాడు. "అన్నా, సీసాలు పోయాయి. మెత్తటి రోజులు పోయాయి. పక్క గోడౌన్లో కొత్తగా చేరినోళ్ళు నీ ఆట నమ్మట్లేదు, పిలుచుకొచ్చాను. ఒక్కసారి పగలగొట్టు."

అడకత్తెర చూశాడు. ముఠా మొత్తం ఉంది. పక్క గోడౌన్ వాళ్ళు నలుగురున్నారు. ఏరే బల్ల ఆడవాళ్ళు కూడా లేచి వచ్చారు. ఇన్నాళ్ళూ అడకత్తెర అనిపించుకున్నవాడు ఇప్పుడు పోకచెక్క అయ్యాడు. చెయ్యి చాచి కాయ తీసుకున్నాడు. దవడ దాకా తెచ్చాడు. లోపల ఒక్క పన్ను లేని చోట దాన్ని ఎక్కడ పెట్టాలి? ముందు పళ్ళతో కొరికితే అవీ పోతాయి. పోతే పోనీ అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

"నానిందా?"

కళ్ళు తెరిచాడు. పెద్దక్క ఎదురుగా చెయ్యి చాచి నిలబడి ఉంది.

చీపురుపుల్ల తల పట్టుకున్నాడు. "పెద్దక్కా, పెంకుతో ఉంది కదా అది. దాన్ని కూడా నానబెడతావా?"

"పెంకైతే ఏం, ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది. సీసాలు తియ్యమన్నారు గాని నా కళ్ళు తియ్యమనలేదు. నా ముందు నాననిది ఎవడూ కొరకడు. ఇటియ్యి తమ్ముడూ."

"ఒక్కసారి పెద్దక్కా, చుట్టాలొచ్చారు," అన్నాడు చీపురుపుల్ల.

"చుట్టాలకి కడుపులు లేవా? కూర్చోండి, చెప్తాను. అక్రోటు లోపలి చేదు ఎక్కడుంటుందో తెలుసా?" అని మొదలుపెట్టింది. ఆ చేదు ఎక్కడుంటుందో, కడుపులో ఎక్కడ పట్టుకుంటుందో, ఎన్ని నీళ్ళు మారిస్తే వదులుతుందో చెప్పింది. ఆమె చెప్పడం అయ్యేసరికి టీ చల్లారింది, గంట మోగింది, పక్క గోడౌన్ వాళ్ళు ఎప్పుడు జారుకున్నారో కూడా తెలియలేదు. కాయ ఆమె ఏప్రాన్ జేబులోకి వెళ్ళిపోయింది.

ఆ పూట గండం గడిచింది. కానీ కాయలకి కరువా? ఇది రేపో ఎల్లుండో మళ్ళీ వస్తుంది. మధ్యాహ్నం అడకత్తెర ముఠాని లారీ నీడలో కూర్చోబెట్టాడు.

"రేపు మనందరికీ కడుపునొప్పి," అన్నాడు.

ముఠావాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సీసాలు కావాలనా?" అన్నాడు చీపురుపుల్ల. "నాలుగేళ్ళు అరిచింది నువ్వే కదన్నా."

"నేను అరిచాను. ఇప్పుడు నా కడుపు అరుస్తోంది. నీది అరవట్లేదా?"

చీపురుపుల్ల పొట్ట తడుముకున్నాడు. "అరవట్లేదు గాని, గొణుగుతోంది."

మర్నాడు రెండు లారీలు వచ్చి నిలబడ్డాయి. ముఠా గోడ వెంట వరసగా పొట్టలు పట్టుకుని కూర్చుంది. సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"అందరికీ ఒకేసారి కడుపునొప్పేంటయ్యా? పెద్దక్కా, ఏంటిది?"

పెద్దక్క జల్లెడ పట్టడం ఆపలేదు. "నేనేం చెప్పను సార్. నాననివి తిన్నారు."

"అడకత్తెరకి కూడానా? వాడు మేకులు తిన్నా అరుగుతాయే."

అడకత్తెర లేచి నిలబడ్డాడు. నొప్పి నటించాల్సిన అవసరం ఆయన ఒక్కడికే లేదు. ఇరవై రెండు గింజలు లోపల ఇంకా చొక్కాలు విప్పకుండా కూర్చుని ఉన్నాయి. "సార్, అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. నేను ఓడిపోయాను. పెద్దక్కే గెలిచింది. మాకు నానినవే కావాలి."

ఆ మధ్యాహ్నమే పన్నెండు సీసాలూ అరలోకి తిరిగి వచ్చాయి. సూపర్‌వైజర్ బల్ల దగ్గరికి పెద్దక్క పదడుగుల కన్నా దగ్గరగా రాకూడదన్న షరతు మీద.

తర్వాత ఏడేళ్ళు అలాగే గడిచాయి. చీపురుపుల్ల మాత్రం ఆ కాయను మర్చిపోలేదు. వారానికోసారి అడిగేవాడు.

"పెద్దక్కా, అక్రోటు నానిందా?"

"ఇంకా లేదు."

ఇప్పుడు ఆ గోడౌన్‌లో బస్తాలు ఎత్తే యంత్రం ఉంది. ముఠా సగమైంది. పదింటి టీ ఎవరికి తీరినప్పుడు వాళ్ళు నిలబడి తాగుతున్నారు. కిటికీ పక్క అరలో హెల్మెట్లు పెట్టారు. పెద్దక్క కళ్ళు మసకబారాయని పోయినేడు పని మానేసింది. అడకత్తెరకి యాభై దాటాయి. నడుం ముందులా లేదు. అయినా యంత్రం అందుకోలేని మూలల్లో ఇంకా మేస్త్రీయే. ఒక్కోసారి పదింటికి చెయ్యి దానంతటదే అరవైపు పోతుంది, హెల్మెట్ తగిలి వెనక్కి వస్తుంది.

ఒక ఆదివారం ఆయన ఇంట్లో బాదం నానబెట్టాడు. శనివారం సాయంత్రం అయిదింటికి, చిటికెడు ఉప్పు, పైన రెండు వేళ్ళ నీళ్ళు. పొద్దున పారబోసి, కడిగి, ఒక్కొక్కటే తోలు ఒలిచాడు. సీసాలో పోసి, మెడకి చీటీ కూడా కట్టాడు. భార్య చూసి నవ్వింది. "ఆవిడకి తెలియని విద్యా?"

పెద్దక్క ఉండేది లాండ్రీ కొట్టు మేడ మీద ఒంటి గది. మెట్లెక్కుతుంటే తలుపు వారగా వేసి ఉంది. లోపల్నించి చప్పుడు వినిపించింది.

కటకట. కటకట.

అడకత్తెర మెట్టు మీదే ఆగిపోయాడు. పదకొండేళ్ళుగా విన్న చప్పుడు. ఆ ఎలుక ఇక్కడికెలా వచ్చింది? తలుపు తోశాడు. పెద్దక్క కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో పళ్ళెం నిండా బాదం, గుమ్మడి గింజలు. ఎండబెట్టినట్టు పొడిగా, గలగలలాడుతూ. చెంపలు రెండూ కదులుతున్నాయి.

"ఎవరది?"

"నేను పెద్దక్కా. అడకత్తెరని." ఆయన పళ్ళెం వైపు చూశాడు. "నానిందా?"

ఆమె నములుతూ నములుతూ ఆగింది. శాలువా కొస పళ్ళెం మీదికి లాగబోయి, ఇంక లాభం లేదని వదిలేసింది. "దొరికిపోయానా. కూర్చో."

"లెక్కల గదిలో ఎలుక నువ్వేనా?"

"మరి ఎవరనుకున్నావు? నానబెట్టాక ఎండబెట్టి సన్న సెగ మీద ఆరబెడితేనే రుచి. ఆ పిల్ల పిన్ని మంచి తెలివైంది. అది నాకు తెలియదా?"

"తెలిసి మాకెందుకు తడివి పెట్టావు? అన్నేళ్ళు?"

పెద్దక్క ఒక గుమ్మడి గింజ నోట్లో వేసుకుంది. తీరిగ్గా నమిలింది.

"లారీ వెనక పిచ్చుకలకి వేస్తుంటే చూశాను," అంది. "మొదటి రోజు జాలిగుండె అనుకున్నాను. మూడు రోజులు చూశాను. పిచ్చుకలు బలుస్తున్నాయి, నువ్వు చిక్కుతున్నావు. అప్పుడు తెలిసింది."

అడకత్తెర సీసా ఒళ్ళో పెట్టుకుని, దాని మెడకున్న చీటీని వేలితో తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు. "నాకొక్కడికే చాటుగా ఇచ్చి ఉండొచ్చుగా."

"నీకొక్కడికే మెత్తటివి పెడితే నీ పేరు పోతుంది. అందరికీ పెడితే నా పేరు పోతుంది. నా పేరుకేముంది, పిచ్చిది అంటారు. అన్నారు. నష్టమేమైంది?"

"అమ్మమ్మ చెప్పిందన్నావు?"

"అరుగుదల సంగతి అమ్మమ్మే చెప్పింది. అబద్ధం కాదు. కాకపోతే ఆవిడ ఆరబెట్టమని కూడా చెప్పింది. ఆ సగం మింగేశాను."

"నేను నిన్ను అన్నేసి మాటలన్నాను పెద్దక్కా."

"అన్నావు కాబట్టే ఎవడికీ అనుమానం రాలేదు. బాగా తిట్టేవాడివి. ఆ స్నానం, పౌడర్ మాటైతే నేను గదిలోకి వెళ్ళి నవ్వుకున్నాను. ఇంతకీ ఏం తెచ్చావు?"

సీసా ఇచ్చాడు. ఆమె చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివింది. ఒక బాదం తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ముఖం మెల్లగా ముడుచుకుపోయింది.

"ఎంత చప్పగా ఉందిరా," అంది. "పదకొండేళ్ళు ఎలా తిన్నారు మీరంతా?"

అప్పుడు చూశాడు అడకత్తెర, కిటికీ గూట్లో ఒక అక్రోటుకాయ ఉంది. పెంకుతో సహా. ముట్టుకుని ముట్టుకుని నున్నగా అయిపోయింది.

"ఇది..."

"ఇంకా నానలేదు," అంది పెద్దక్క.

ఇక ఆయన వల్ల కాలేదు. నవ్వాడు. మీసం మీదికి చెయ్యి పోవడం కూడా మర్చిపోయి, తల వెనక్కి వేసి, కిందున్న లాండ్రీ కొట్టులోకి వినపడేలా, నోరు ఇంత తెరిచి నవ్వాడు. పెద్దక్క కుర్చీలోంచి ముందుకి వంగింది. మసక కళ్ళు చికిలించి ఆ నోట్లోకి చూసింది. వేలితో గాల్లో లెక్కపెట్టింది. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది.

"ఎనిమిదే పోయాయనుకున్నాను. పదహారా?" అంది నొచ్చుకుంటూ. "ముందే చెప్పి ఉంటే ఇంకో రెండు గంటలు నానబెట్టేదాన్ని కదరా."